వయోగణితంలో అర్థాపత్తి

తర్కసంగ్రహం బోధించే రోజుల్లో, అనుమానఖండం ముగిసిన తరువాత విద్యార్థులకు ఒకటి రెండు చిక్కులెక్కలు ఇవ్వడం నాకు అలవాటు. పొగ, నిప్పు, వంటయిల్లు - వీటి చుట్టూ నెలరోజులు తిరిగిన బుద్ధికి కొంత మార్పు అవసరమని నా ఉద్దేశం. ఒక సంవత్సరం భాషాప్రవీణ తరగతిలో ఇచ్చిన లెక్క ఇది. ఒక గృహస్థుకు ముగ్గురు కుమార్తెలు. వారి వయస్సులను పూర్తి సంవత్సరాలలో తీసుకొని గుణిస్తే 36. కూడితే ఎదురింటి నంబరు. పెద్దమ్మాయి వీణ నేర్చుకుంటున్నది. ఇది విన్న మిత్రుడు ఎదురింటి వైపు చూసి ముగ్గురి వయస్సులూ చెప్పాడు. అవి ఎంతెంత?

వెనుక వరుసలోని విద్యార్థి ఒకడు లేచి, "గురువుగారూ, ఇది తేలదండీ" అన్నాడు. "చేయకముందే తేలదంటే ఎట్లా నాయనా, కూర్చో" అన్నాను. తరగతి నవ్వింది.

ఆ రాత్రి సమాధానం రాసుకోబోయాను. మూడు సంఖ్యల లబ్ధంగా 36ను విడదీసే రీతులు ఎనిమిదే. వాటిలో ఆరింటి మొత్తాలు 38, 21, 16, 14, 11, 10. 13 మాత్రం రెండుసార్లు వస్తుంది, 1, 6, 6కూ 2, 2, 9కీ. పెద్దమ్మాయి ఒక్కతే కనుక 1, 6, 6 తొలగిపోతుంది. తక్కిన ఏడూ నిలిచే ఉన్నాయి. విద్యార్థి మాటే నిజం.

అసలు లెక్కలో మిత్రుడు ఎదురింటి నంబరు చూసి, "ఇంతమాత్రంతో తెలియడం లేదు" అంటాడు. ఆ పిమ్మటనే తండ్రి వీణ ప్రస్తావన తెస్తాడు. కథకు అలంకారంగా చేర్చిన మాట అనుకొని నేను దానిని విడిచిపెట్టాను. లెక్కకు ప్రాణం అదే. నంబరు 14 అయితే 1, 4, 9 అని అతనికి అప్పుడే తెలిసేది. తెలియలేదంటే అది 13 కావాలి. మనం చూడని తలుపు మీది అంకె అతని అజ్ఞానం వల్ల మనకు తెలుస్తున్నది. తరువాత వీణ మాటతో 2, 2, 9 తేలుతుంది.

లీలావతిలో గాని పావులూరి గణితంలో గాని లెక్కకు కావలసినది ప్రశ్నలోనే ఉంటుంది. ఇక్కడ ఒకరికి తెలియకపోవడం మరొకరికి సాధనం. దీనిని ఏ ప్రమాణంలో చేర్చాలి? పగలు భుజించని దేవదత్తుడు బలిసి ఉన్నాడంటే రాత్రిభోజనం కల్పించే మీమాంసకుడు దీనిని అర్థాపత్తి అంటాడు. నంబరు 13 కాకపోతే మిత్రుని అజ్ఞానం ఉపపన్నం కాదు గదా! ప్రమాణాలు నాలుగే అన్న అన్నంభట్టు మార్గంలో నడిచేవాడు దీనిని వ్యతిరేకి అనుమానంలో ఇముడుస్తాడు. నా జీవితమంతా నైయాయికుల పక్షాన గడిచినా, ఇక్కడ మీమాంసకుని దారే సహజమనిపిస్తుంది. అనుపలబ్ధి అనడం మాత్రం తొందరపాటు. దానివల్ల తెలిసేది వస్తువు లేకపోవడం; ఇక్కడ తెలిసేది ఉన్న అంకె.

ఇంకొకటి. మిత్రుడు లెక్క వచ్చినవాడూ, ఉన్నమాట చెప్పేవాడూ కావాలి. లెక్క రానివాడు తెలియదంటే మనకు ఏదీ తెలియదు. తెలియదన్న మాటకు కూడా ఆప్తత్వం ఉండాలన్నమాట. వెనుక వరుసలోని విద్యార్థికి నేను ఆ ఆప్తత్వం ఇవ్వలేదు.

మరునాడు తరగతిలో నా పొరపాటు చెప్పి, అతనిని నల్లబల్ల దగ్గరకు పిలిచి ఎనిమిది రీతులూ రాయించాను. రాయడం ముగించి అతడు, "గురువుగారూ, ఆరేళ్ళ కవలలలో పెద్దమ్మాయి ఉండదా అండీ?" అని అడిగాడు. కవలలలో ముందు పుట్టినవారికే జ్యేష్ఠత్వమని మనుస్మృతి. మా వైపు కొన్ని ఇళ్ళలో తరువాత పుట్టినవారినే పెద్దగా చూస్తారు. ఏ పక్షమైనా పెద్ద అన్న మాట ఒకరికి చెల్లుతుంది. ఏడాది తిరగకుండా పుట్టిన అక్కచెల్లెళ్ళ విషయమూ అంతే. పెద్ద అంటే పూర్తి సంవత్సరాల లెక్కలో పెద్ద అని నియమం చేసుకోకపోతే చివరి మెట్టు నిలవదు. ఆ నియమం నేను చెప్పలేదని ఒప్పుకొని, దానిని కూడా లెక్కలో చేర్చి రాయమని సుద్దముక్క మళ్ళీ అతనికే ఇచ్చాను.