గోడ లోపల ఏముండాలి?

దసరా సెలవులకు మా అక్క కొడుకు ఖమ్మం వచ్చాడు. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వచ్చిన సాయంత్రమే నా ఫోన్ అందుకుని, "మామయ్యా, నీకు కూడా సీఓసీ ఎక్కిస్తా. నా క్లాన్‌లో చేరుదువుగానీ" అన్నాడు. సీఓసీ అంటే క్లాష్ ఆఫ్ క్లాన్స్. ఫిన్లాండ్‌లోని హెల్సింకి నగరంలో ఉన్న సూపర్‌సెల్ కంపెనీ 2012లో విడుదల చేసిన ఆట. పిల్లలు ఫోన్‌లో ఏం చూస్తున్నారో తెలియకుండా ఫోన్ లాక్కోవడం నాకు నచ్చదు. అందుకే సరేనన్నాను. ఐదో రోజు పొద్దున్నే ఇద్దరం భద్రాచలం బస్సెక్కేసరికి నా జేబులో చిన్న ఊరొకటి పెరుగుతోంది.

ఆ ఊరు మొదలయ్యే తీరు చెప్తాను. చుట్టూ అడవి, నడుమ పచ్చిక బయలు, అందులో ఒక టౌన్ హాల్. ముందు ఒక ఫిరంగి పెట్టుకోమని ఒక పల్లెటూరి పిల్ల చెబుతుంది. పెట్టీ పెట్టగానే గాబ్లిన్లు వచ్చి పడతాయి. పచ్చని ఒళ్లు, పొడుగు చెవులు. వాటికి మనుషుల మీద పగ లేదు, బంగారం ఎక్కడుంటే అక్కడికే పరుగు. ఆ తర్వాత గోల్డ్ తవ్వే గని, ఎలిక్సర్ అనే ఊదారంగు రసం తోడే యంత్రం, రెండూ దాచుకునే కొట్లు, సైన్యానికి బ్యారక్స్. ముందుకు పోయేకొద్దీ జెయింట్లు, అస్థిపంజరాలు, డ్రాగన్లు కనిపిస్తాయి.

వాడు నాకు మొదటి గంటలోనే గట్టిగా చెప్పిన మాట జెమ్స్ అనే రత్నాల గురించి. ఏ పని మొదలుపెట్టినా, "జెమ్స్ ఇస్తే ఇప్పుడే అయిపోతుంది" అని ఆట ఊరిస్తూ ఉంటుంది. "వాటిని ముట్టుకోకు మామయ్యా. అవి బిల్డర్ల కోసం" అన్నాడు. లెక్క చూస్తే వాడిదే నిజం. మూడో బిల్డర్ గుడిసెకు 500, నాలుగోదానికి 1,000, ఐదోదానికి 2,000 జెమ్స్. ఒక్కో బిల్డర్ ఒకసారికి ఒక పనే చేస్తాడు. తొందరపడి జెమ్స్ ఖర్చు చేస్తే దక్కేది కొన్ని నిమిషాలు. బిల్డర్‌ను తెచ్చుకుంటే ఆట ఉన్నంతకాలం రెండు చేతులు అదనం. ఈ ఆటలో డబ్బు పెట్టకుండా నెగ్గుకురావడం ఇక్కడే మొదలవుతుందని నా అనుభవం.

రెండో మాట, టౌన్ హాల్‌ను ఎగబడి పెంచొద్దని. టౌన్ హాల్ పెద్దదైతే కొత్త కట్టడాలు తెరుచుకుంటాయి, నిజమే. కానీ మీద పడేవాళ్లూ ఆ స్థాయివాళ్లే వస్తారు. ఫిరంగులు చిన్నవిగా ఉండి హాలు ఒక్కటే పెద్దదైన ఊళ్లను ఆడేవాళ్లు 'రష్డ్ బేస్' అంటారు. మా వాడి నోట అది తిట్టులాగా వినిపించింది.

బయల్దేరే ముందు రోజు ఖమ్మం ఖిల్లా ఎక్కాం. కాకతీయుల నాటినుంచి కుతుబ్‌షాహీలు, అసఫ్‌జాహీల దాకా ఎందరో ఏలిన కోట. ఊరి నడుమ రాతి గుట్ట. పైనుంచి చూస్తే ఖమ్మం అంతా కాళ్ల కింద ఉంటుంది. వాడు బురుజులు లెక్కపెట్టాడు, ఎటునుంచి ఎక్కడం సులువో చూసుకున్నాడు. తర్వాత అడిగాడు, "టౌన్ హాల్ ఎక్కడ మామయ్యా?" వాణ్ణి జాఫర్ బావి దగ్గరికి తీసుకెళ్లాను. రాతి మెట్లతో లోపలికి దిగిపోయే పెద్ద దిగుడు బావి. "కోటను నిలబెట్టేది ఇదిరా. శత్రువు గోడ ఎక్కకుండా బయటే నెలల తరబడి కూర్చుంటే, ముందు అయిపోయేది నీళ్లే" అన్నాను. చాలాసేపు బావిలోకి చూశాడు. "అంటే ముందు కొట్లు కాపాడుకోవాలన్నమాట" అన్నాడు. ఆ మాట అప్పుడు నేను వాడికి నేర్పాననుకున్నాను. రెండు రోజుల తర్వాత అదే పాఠం నాకు మళ్లీ అవసరపడింది.

ఖమ్మం నుంచి భద్రాచలం 120 కిలోమీటర్ల దాకా ఉంటుంది. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం. సింగరేణి బొగ్గు సంస్థకు ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే. రైలు స్టేషన్ పేరు భద్రాచలం రోడ్ కదా అని నమ్మి ఇక్కడ దిగిన యాత్రికులకు, గుడి ఇంకా నలభై కిలోమీటర్లుందని దిగాకే తెలుస్తుంది. పాల్వంచలో థర్మల్ కేంద్రం చూపిస్తూ, పాతవైపోయిన ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చేశారని చెప్పాను. కట్టడానికి ఏళ్లు, కూలడానికి క్షణాలు. వాడు అప్పటికే ఆ వీడియో చూశాడట.

పాల్వంచ దాటాక అడవి దగ్గరికొచ్చింది. టేకు, తునికి, ఇప్ప చెట్లు. మధ్యమధ్య పోడు చేలు. ఆటలో పొదనో రాయినో తొలగిస్తే ఒక్కోసారి జెమ్స్ దొరుకుతాయి, కొత్తగా ఆడేవాళ్లకు అదీ ఒక ఆదాయం. ఆ చేలు చూపించి చెప్పాను: ఇక్కడ చెట్టు తీసిన చోట ఒక కోయ కుటుంబానికి ఏడాది గింజలున్నాయి, 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా కోసం ఏళ్ల ఎదురుచూపు ఉంది, మళ్లీ మొలవాల్సిన అడవీ ఉంది. వాడు కిటికీ వైపే చూస్తూ విన్నాడు. పిల్లలకు ఇంత బరువైన విషయం ఎందుకు అనేవాళ్లున్నారు. ఈ దారిన పోతూ ఇది చెప్పకపోతే మరెక్కడ చెప్తాం?

అక్కడే సిగ్నల్ పోయింది. ఇంటర్నెట్ లేకుండా ఈ ఆట తెరుచుకోదు. మనం ఆటలో ఉన్నంతసేపు మన ఊరి మీదికి ఎవరూ రాలేరు, బయటికొస్తేనే దాడి. "ఇప్పుడు మన ఊళ్లకు దిక్కెవరు?" అని వాడు దిగులుపడ్డాడు. సారపాకలో కాగితం మిల్లు కనిపించేదాకా ఆ దిగులు పోలేదు.

సారపాక దాటితే గోదావరి. 1965లో అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన వంతెన మీద నడిచింది మా బస్సు. అంతకుముందు ఏరు దాటాలంటే పడవే. దసరా నాటికి వరద తీసినా నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. గుళ్లో దర్శనం చేసుకున్నాం. శంఖచక్రాలు ధరించి, ఎడమ తొడ మీద సీతమ్మను కూర్చోబెట్టుకున్న రాముడు. సాయంత్రం కరకట్ట ఎక్కాం.

ఈ యాత్రలో నేను ఎక్కువసేపు నిలబడింది కరకట్ట మీదే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఊరు మునిగింది. ఆ తర్వాత కట్టిన గోడ ఇది. నీళ్లు 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలు ఇక్కడ బడిపిల్లలకు కూడా నోటికి వచ్చు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. కట్ట నిలబడింది.

"అయితే ఈ బేస్ బలంగా ఉన్నట్టే కదా?" అన్నాడు వాడు. అంత తేలిక కాదని కట్ట కింది తూములు చూపించాను. ఏరు పొంగినప్పుడు బయటి నీళ్లు లోపలికి రాకుండా తూములు మూసేస్తారు. అప్పుడే వాన పడితే ఊళ్లో నీళ్లు బయటికి పోవు. గుడి చుట్టుపక్కల వీధుల్లోనే నిలుస్తాయి. మోటార్లు పెట్టి ఏట్లోకి తోడిపోయాలి. మోటార్లు ఆగితే కట్ట ఉండీ ఊరు తడుస్తుంది. గోడ కట్టాక పని అయిపోదు, గోడ లోపలి నీళ్లకూ దారి చూడాలి. ఆటలో గోడ కట్టడమే నేర్పుతారు, ఈ సంగతి నేర్పరు. కరకట్ట మీద నిలబడి ఇది చూసినవాడికి ఏ పుస్తకమూ అక్కర్లేదు.

మర్నాడు ఆటో మాట్లాడుకుని పర్ణశాల బయల్దేరాం. భద్రాచలం నుంచి సుమారు 35 కిలోమీటర్లు, దుమ్ముగూడెం మండలం. దారిలో ఆటో ఆయన చెప్పాడు, "ఈడ పద్నాలుగు వేలమంది రాక్షసులు బూడిదయ్యారంట సారూ. ఆ దుమ్ము మీద లేచిన ఊరు కాబట్టి దుమ్ముగూడెం." ఖరదూషణుల సైన్యం పద్నాలుగు వేలని వాల్మీకి రామాయణంలోనూ ఉంది. మా వాడు కళ్లు పెద్దవి చేశాడు. "పద్నాలుగు వేలా? ఒక్కడి మీదికే?" గాబ్లిన్లకు పేర్లుండవు, పుట్టుపూర్వోత్తరాలుండవు. మన రాక్షసులకు తల్లులున్నారు, చెల్లెళ్లున్నారు, అవమానాలున్నాయి. శూర్పణఖ లేకపోతే ఖరుడు ఇటు రానేరాడు. ఆ కథంతా ఆటోలోనే చెప్పాను. వాడు ఒక్కసారీ ఫోన్ తీయలేదు.

పర్ణశాలలో సీతమ్మవాగు, ఆమె నారచీరలు ఆరేసిందని చెప్పే రాళ్ల మీది చారలు, బంగారు జింక బొమ్మ, భిక్షకుడి వేషంలో రావణుడు. రాముడు వనవాసంలో ఉన్న పంచవటి మా ఊళ్లోనేనని నాసిక్ వాళ్లూ చెబుతారు. ఆ తగవు నాకెందుకు? ఇక్కడి జనం ఈ వాగును ఇన్ని తరాలుగా సీతమ్మదిగా చూసుకుంటున్నారు, నాకది చాలు.

జింక బొమ్మ ముందు నిలబడి వాడు ఉన్నట్టుండి అన్నాడు, "మామయ్యా, ఇది లూరింగ్!" ఆటలో క్లాన్ క్యాసిల్ అని ఒక కోట ఉంటుంది. స్నేహితులు పంపిన సైనికులు అందులో దాగి ఉంటారు. తెలిసిన ఆటగాడు ముందు ఒకరిద్దరు బంటులను పంపి, ఆ సైనికులను ఊరి బయటికి లాగి, అక్కడ మట్టుబెట్టి, ఆ తర్వాత అసలు దాడికి దిగుతాడు. మారీచుడు చేసింది సగం అదే. ముందు రాముణ్ణి లాగాడు, చచ్చేముందు రాముడి గొంతుతో కేకవేసి లక్ష్మణుణ్ణీ లాగాడు. నలభై ఏళ్లుగా ఈ కథ వింటున్నాను. దీన్ని యుద్ధ తంత్రంగా నాకు చూపించింది పద్నాలుగేళ్ల పిల్లవాడు. లక్ష్మణరేఖ వాల్మీకంలో లేదు, తర్వాతి కథల్లో వచ్చిందని నేను చెబితే, "గీత ఉన్నా లాభమేముంది, సీతమ్మే దాటి బిచ్చం వేసిందిగా" అన్నాడు. అతిథిలా వచ్చినవాణ్ణి ఆపే గోడ ఏ ఆటలోనూ లేదు.

పర్ణశాలలో మా ఫోన్లకు సిగ్నల్ లేదు. భద్రాచలం తిరిగొచ్చి ఆట తెరిచేసరికి నా ఊరు కొల్లగొట్టి ఉంది. జరిగిన దాడి మళ్లీ చూసుకునే వీలుంది ఆటలో. చూశాం. నా యాభై గోడ ముక్కలనూ టౌన్ హాల్ చుట్టూ అందంగా పేర్చాను. గోల్డ్, ఎలిక్సర్ కొట్లు బయట వదిలేశాను. వచ్చినవాడు గోడ జోలికే పోలేదు. జెయింట్లను ఫిరంగుల మీదికి తోలి, వెనక గాబ్లిన్లను వదిలాడు. కొట్లు దోచేశాడు. టౌన్ హాల్ మాత్రం చెక్కుచెదరలేదు.

మా వాడు నన్నేమీ అనలేదు. "జాఫర్ బావి మామయ్యా" అన్నాడంతే.

ఆ సాయంత్రం మళ్లీ కరకట్ట మెట్ల మీదే కూర్చుని ఊరంతా తిరగగట్టాం. కొట్లు నడుమ, వాటిని ఆనుకుని మోర్టార్ అనే గుండ్లు విసిరే ఆయుధం, చుట్టూ గోడ, గోడ వెనక ఫిరంగులు. గనులు, బ్యారక్స్ బయటికి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా ఇలాగే కట్టుకోండి. రాత్రి ఫోన్ పక్కనపెట్టే ముందు ఉన్న గోల్డ్‌ను ఏదో ఒక పనికి పెట్టేయండి. ఖర్చయినదాన్ని ఎవరూ దోచుకోలేరు.

మీ ఇంట్లో ఈ ఆట ఆడే పిల్లలుంటే వచ్చే సెలవుల్లో వాళ్లను ఖమ్మం ఖిల్లా ఎక్కించండి, భద్రాచలం కరకట్ట మీద నడిపించండి, పర్ణశాలలో జింక బొమ్మ ముందు నిలబెట్టండి. వాళ్లు చెప్పేది వినండి. మా వాడు సంక్రాంతికి మళ్లీ వస్తానన్నాడు. ఈసారి వాళ్లమ్మను కూడా తీసుకొస్తాడట.