కుండీలో తమలపాకు తీగ : నంద్యాల నుండి ఆళ్లగడ్డకు

నంద్యాల సీమను వేసవిలో చూచినవారెవరును ఇచ్చట తమలపాకు తీగ బ్రదుకునని నమ్మరు. తూర్పున నల్లమల, పడమట ఎఱ్ఱమల, నడుమ కుందూనది. ఆ నదికి ఇరువంకల పఱచుకొన్నది నల్లరేగడి. వాన కురిసిననాడు కాలిచెప్పులను ఊడలాగుకొను ఆ బంకమన్ను, చైత్రము దాటగానే బీటలువాఱి నోళ్లు తెఱచును. ఎండ 40 డిగ్రీలు మించుట ఇచ్చట వింత కాదు. 1863లో త్రవ్వనారంభించిన కర్నూలు-కడప కాలువ పాఱినచోట వరిపైరు పచ్చగా నుండును గాని, ఆ నీరు మన వంటయింటి వాకిటికి రాదుగదా!

తమలపాకు పుట్టినిల్లు ఆగ్నేయాసియాలోని తేమ యడవులు. మిరియపు తీగయు, పిప్పలియు దీనికి జ్ఞాతులు. నీడయు తడిగాలియు లేనిచో ముఖము ముడుచుకొను సుకుమారి. అట్టిదానిని రేగటిసీమకు కోడలిగా తెచ్చి, అందును ఒక మట్టికుండీలో కాపురము పెట్టించుట సాహసమే. అయినను అది సాధ్యమేయనియు, తొలియేడు ఓపిక పట్టినచో చాలుననియు నా యనుభవము. దానినే సోదరీమణులకు విన్నవించుచున్నాను.

కుండీయే యేల యందురా? మావారు ఉపాధ్యాయులు. బదిలీ యుత్తరువు ఎప్పుడు వచ్చునో యెఱుగని కాపురము మాది. అద్దెయింటి పెరటిలో నాటినది అద్దెయింటివారిదే. మునుపొక యింట కరివేపమొక్కను మూడేండ్లు పెంచి, అది తొలిసారి పూచిన నెలలోనే ఇల్లు విడిచి వచ్చితిని. మఱియొకచోట ఇంటి యజమానురాలు పెరట గునపము పట్టనీయనే లేదు, గోడ చెమ్మగిల్లునట! సొంతనేల లేని యిల్లాలికి కుండీయే పొలము. బండిమీది కెక్కించుకొని పోవచ్చును.

తీగముక్కను నాకిచ్చినది నంద్యాలలో మా వీథి చివరనుండు నొక అవ్వ. ఆమె పుట్టినిల్లు కడప చెంతనున్న చెన్నూరు. పెన్న యొడ్డునగల ఆ యూరు ఆకుతోటలకు పేరుపడ్డది. ఆకుతోటను చూడనివారికొక మాట చెప్పవలెను. ముందుగా అవిసె గింజలను సాళ్లుగా విత్తుదురు. అవి ఎదిగిన పిదప వాని మొదళ్లయొద్ద తీగముక్కలను పాతుదురు. అవిసెయే తీగకు ఊతము, అవిసెయే గొడుగు. తోటలో అడుగుపెట్టిన మిట్టమధ్యాహ్నము సైతము సంజెవేళవలె తోచును. మనము కుండీకి కల్పింపవలసినది ఆ సంజెవేళనే.

నేను ఆశ్వయుజమాసమున నాటితిని. ఎండ తగ్గి, నేలలో చల్లదనము మిగిలియుండు ఆ దినములు మంచివి. రెండేండ్లు ముదిరిన తీగయొక్క పైభాగమునుండి నాలుగైదు కణుపులుగల ముక్కను కోసి, రెండు కణుపులను మట్టిలో దించి తక్కినవి పైకుంచవలెను. కుండీ అడుగు వెడల్పు, అడుగున్నర లోతు ఉండిన చాలును. అడుగున చిల్లియుండి తీరవలెను. ఆ చిల్లిపై పెంకుముక్కలు పఱచవలెను. మట్టియందే అసలు మెలకువ యున్నది. నల్లమల దిగువనుండి తెచ్చిన ఎఱ్ఱమన్ను రెండుపాళ్లు, వాగుయిసుక యొకపాలు, బాగుగా చివికిన పశువులయెరువు ఒకపాలు. ఒక గుప్పెడు వేపపిండి. రేగడిమన్ను మాత్రము పిడికెడైనను వలదు. పొలమున అది బంగారమే. కుండీలోనో, త్రాగిన నీటిని వదలదు, వేరు కుళ్లును.

నీరు ఉదయసాయంకాలములందు కొంచెము కొంచెముగా పోయవలెను. మన బోరునీటిలో ఉప్పు హెచ్చు. దానిచే ఆకుల యంచులు మాడును. బియ్యము కడిగిన నీటిని, దొరకిననాడు వాననీటిని నేను వాడుదును. తూర్పు వసారాలో, ఉదయమున రెండుగంటల లేతయెండ మాత్రము తగులునట్లు కుండీని ఉంచితిని. వైశాఖమున పాత నూలుచీర నొకదానిని తడిపి పడమటివైపు కట్టితిని. ఇరుగుపొరుగువారు నవ్విరి, నవ్వనిండు.

ఇక తొలియేటి సంగతి. రెండునెలలవఱకు తీగ కదలిక లేక నిలుచును. చచ్చినదేమోయని పెఱికి చూడ బుద్ధిపుట్టును. జరుగునదంతయు మట్టిక్రింద జరుగుచుండును. పిమ్మట ఒక లేతచిగురు, దానివెనుక నొక యాకు. గోనెపట్ట చుట్టిన వెదురుకఱ్ఱను నిలిపి దానిని తడుపుచుండినచో, కణుపుకణుపున వెడలు చిన్నవేళ్లు ఆ గోనెను పట్టుకొని తీగ తానే ప్రాకును. మెడ బిగియకుండ అరటినారతో అక్కడక్కడ కట్టిన చాలును. మాఘమునాటికి పందొమ్మిది యాకులు లెక్కించి, మురిసిపోయి, నాలుగు కోయుదునా యని అవ్వ నడిగితిని.

"ఏడు నిండేదాకా గోరు తగలనీవద్దు బిడ్డా. ఆకు గిల్లితే వేరును గిల్లినట్లే. పాలు మానని పిల్లను కాపురానికి పంపుతామా?" అని యామె అన్నది.

ఆకులే మొక్కకు వంటయిల్లు. సూర్యరశ్మితో అందు వండినదే వేరునకు దిగును. చిన్నకుండీలో వేరు ముదురకముందే ఆకు కోసినచో మఱుయేడు తీగ చిక్కిపోవును. పొలమునందలి తోటవారు కొన్నినెలలకే కోత మొదలిడుదురు గాని, వారి తీగకు విశాలమైన నేల యున్నది. శీతలదేశములయందు హాప్ అనునొక తీగ కలదు. దాని పూవులే బీరునకు చేదును వాసనను ఇచ్చును. మన హిమాచలమున లాహౌల్ లోయలో దానిని పండించిరి. దానిని పెంచువారును తొలియేడు పెద్దపంట నాశింపరు. వేరు నిలద్రొక్కుకొనిన చాలునందురు. దూరదేశపు తీగకును మన అవ్వమాటయే చెల్లుట చూడుడు!

ఇచ్చట మఱియొక మాట చెప్పక తప్పదు. ముట్టుదినములలో స్త్రీ తాకినచో ఆకుతీగ ఎండిపోవునని మనలో పెక్కండ్ర నమ్మకము. పెద్దలను ఆక్షేపించుట నా యుద్దేశము గాదు. కాని మాయింట నేనొక్కతెనే ఆడుదానను. మావారు వేకువనే బడికి బయలుదేఱుదురు. వైశాఖమాసపు కుండీకి నాలుగుదినములు నీరు లేకున్న నేమగునో వేఱుగ చెప్పవలెనా? నేను అన్నిదినములును నీరు పోసితిని. తీగ యెండలేదు. దానికి శత్రువులు వడగాలి, ఉప్పునీరు, అడుగున నిలిచిన తడి. వేరుకుళ్లు తెగులు ఆ తడిలో పెరుగు సూక్ష్మజీవులచే వచ్చును. మొదలు కుళ్లినదేమోయని చూడకయే ఇంటికోడలిమీద నింద మోపుట న్యాయము గాదు.

జ్యేష్ఠమున మాకు ఆళ్లగడ్డకు బదిలీయైనది. ఈ రెండూళ్లును ఒకప్పుడు కర్నూలు జిల్లాలోనివి. 2022 ఏప్రిలు నుండి నంద్యాలయే జిల్లాకేంద్రము. బీరువాలు, పుస్తకములు, పాత్రలు లారీలో పోయినవి. కుండీని మాత్రము లారీకి అప్పగింప మనసొప్పలేదు. తెల్లవాఱకముందే ఒక ఆటో మాట్లాడుకొని, తీగను కఱ్ఱతోకూడ తడిగోనెలో చుట్టి, కుండీని రెండుకాళ్లనడుమ నిలుపుకొని కూర్చుంటిని. శిరివెళ్ల దాటునప్పటికి నల్లమల వెనుక ఎఱ్ఱదనము కనబడెను. ఆ కొండపాదమున, మహానందిలో, ఎండాకాలమును ఎఱుగనట్లు ఊటలు పొంగును, అరటితోటలు గాలికి తలలూచును. ఇంత దగ్గఱ అంత చల్లదనముండగా మన త్రోవ యిట్లు కాగుటేమని అనుకొంటిని. ఎండ యెక్కకమునుపే ఆళ్లగడ్డ చేరితిమి. ఒక్క చిగురు మాత్రము వాడినది.

ఆళ్లగడ్డ శిల్పులయూరు. అహోబిలయాత్రకు పోవువారు చూచియేయుందురు: త్రోవప్రక్క పాకలలో సగము చెక్కిన నందులు, నరసింహమూర్తులు, ఉలిచప్పుడు వేకువనుండి వినవచ్చును. ఈ రాతిపనికి భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. మా క్రొత్తయిల్లు అట్టి పాకకు సమీపముననే. రాతిపొడి గాలికి లేచి ఆకులపై తెల్లగా పేరుకొనును. మూడుదినముల కొకమాఱు తడిగుడ్డతో ఆకులను తుడుచుట క్రొత్తగా నేర్చుకొన్న పని. పనివాఱైన దుమ్మే గాని, ఆకు ఊపిరిని అడ్డగించును.

శ్రావణమున వరలక్ష్మీవ్రతమునకు వసారాలో తీగ మెడయెత్తు పెరిగి కళకళలాడుచుండగా, నేను అంగడిలో ఆకు కొని వాయనమిచ్చితిని. వచ్చిన ముత్తయిదువలు తీగవంక చూచి, నావంక చూచి, ఏమియు అనలేదు.

తాంబూలమునకు మన సీమలో ప్రాచీనగౌరవము కలదు. 1443లో విజయనగరమునకు వచ్చిన పారసీకదూత అబ్దుల్ రజాకు తమలపాకును మిక్కిలి పొగడినాడు. కవికి అమరవలసిన సౌఖ్యములను ఏకరువుపెట్టుచు పెద్దనామాత్యుడు కర్పూరతాంబూలమును మఱవలేదని ప్రసిద్ధి. అయినను ఒక హెచ్చరిక: పొగాకు మాట అందఱెఱుగుదురు, పోకచెక్క సైతము కాన్సరునకు కారణమని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి పరిశోధనసంస్థ 2004లో నిర్ణయించినది. మాయింట ఆకు పూజకును, వాయనమునకును, పిల్లల జలుబునాడు కషాయమునకును మాత్రమే.

మరల ఆశ్వయుజము వచ్చినది. క్రిందివరుసలో ముదిరిన ఆకులను తొడిమతోకూడ పదునొకటి కోసితిని. ఐదింటిని తడిగుడ్డలో చుట్టి, నంద్యాల పోవు మావారిచే అవ్వకు పంపితిని. పిమ్మట తోటవారు చేయునట్లు తీగను కఱ్ఱనుండి విడదీసి, ఆకురాలిన క్రిందిభాగమును చుట్టగా చుట్టి కొత్తమట్టిలో కప్పి, చివరను మరల పైకెక్కించితిని. పైభాగమున కోసిన రెండుముక్కలు వేఱు కుండీలలో నున్నవి. అందొకటి ఎదురింటి శిల్పిగారి యిల్లాలికి. ఆమె తమ పాకలో పగిలి మూలబడిన రాతితొట్టిని కడిగి సిద్ధముచేసికొనినది, దానికి చిల్లి పెట్టుట భర్తగారి వంతు.