నీళ్లెలా ఉన్నాయి?

హైదరాబాద్ నుంచి ముంబయి రహదారి మీద వెళ్తుంటే బీహెచ్‌ఈఎల్, పటాన్‌చెరు, ఇస్నాపూర్... సంగారెడ్డి దాకా కాలనీలే కాలనీలు. చిన్న వరండా, తులసికోట, డాబా మీద నల్లటి ట్యాంకు. ఫ్యాక్టరీల్లో షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్లు పైసా పైసా కూడబెట్టి కట్టుకున్న ఇళ్లు.

వసతులకు లోటు లేదు. రోడ్డెక్కితే సిటీ బస్సు. లింగంపల్లికి 2003లోనే ఎంఎంటీఎస్ రైలొచ్చింది. ఇక్రిశాట్ 1972 నుంచీ ఉంది. కందిలో ఐఐటీ వెలిసింది. అయినా ఇల్లు చూడ్డానికొచ్చిన ఇల్లాలు ముందు అడిగేది ఒక్కటే... ‘నీళ్లెలా ఉన్నాయి?’

అడగడానికి కారణముంది. మందులు, రసాయనాల పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో కలిశాయి. వాగు వెంట ఊళ్లలో బావులు, బోర్లు పాడయ్యాయి. 1990లో సుప్రీంకోర్టు మెట్లెక్కిన కేసు హైకోర్టు మీదుగా హరిత ట్రైబ్యునల్‌కు చేరి, తీర్పొచ్చేసరికి 2017. ఈలోగా కోర్టు ఆదేశాలతో ఆ ఊళ్లకు మంచినీటి సరఫరా మొదలైంది. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ!

ఉపాధినిచ్చిన ఫ్యాక్టరీని కాదనలేరు. పెరట్లో బోరును నమ్మలేరు. అందుకే ఇక్కడ ఇంటి విలువ గజాల్లోనే కాదు, నల్లాలో వచ్చే మంచినీళ్లలోనూ ఉంది. గృహప్రవేశం నాడు పాలు పొంగితే సరిపోదు, మర్నాడు బిందె కూడా నిండాలి.