కార్ల మీద పందిరి

మా చిన్నతనంలో కోటప్పకొండ తిరునాళ్ళకు వెళితే ప్రభలు చూడడం ఒక ఎత్తు, రంగులరాట్నం ఎక్కడం ఒక ఎత్తు. ఆ రాట్నానికి యంత్రం లేదు. బనీను తొడుక్కున్న ఒక మనిషి చకచకా దాని కమ్మీల మీదికి ఎగబాకి, తన బరువంతా ఒక పక్కకు వేసి, కిందికి తొక్కేవాడు. కింద నిలబడ్డ ఇంకొకడు చేతికందిన తొట్టినల్లా పట్టి లాగేవాడు. పది పైసలిస్తే పది చుట్లు. తొమ్మిదికే ఆపితే మేము దిగకుండా గోల చేసేవాళ్ళం.

ఈ రాట్నం సంగతి నాకు మళ్ళీ 2023 వేసవిలో జ్ఞాపకం వచ్చింది. ఎక్కడో తెలుసునా? అమెరికాలో, ఒక కార్ల దొడ్డిలో!

మా అమ్మాయి వాళ్ళు న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్ అనే ఊళ్ళో ఉంటున్నారు. అక్కడ సాయంత్రం వీధిలో నాలుగడుగులు వేస్తే ఎవరో ఒకరు తెలుగులో మాట్లాడుతూ ఎదురవుతారు. ఆ ఊరికి పూర్వం వేరే పేరుండేది. విద్యుద్దీపం సిద్ధం చేసిన థామస్ ఎడిసన్ ప్రయోగశాల అక్కడి మెన్లో పార్కులోనే ఉండేది కనుక, 1954లో ఊరికి ఆయన పేరు పెట్టుకున్నారు. ఈ 1954 అనే సంవత్సరాన్ని గుర్తుంచుకోండి, దానితో మళ్ళీ పని ఉంది.

ఒక శనివారం పొద్దున్నే అందరం కారెక్కి జాక్సన్ అనే చోటికి బయలుదేరాము. అక్కడ సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ అనే పెద్ద వినోదశాల ఉంది. 1974లో తెరిచారు. దారి పొడుగునా ఇసుక నేల, దాని మీద పైన్ చెట్ల అడవి. ఆ అడవిలో గుర్రం తల, గబ్బిలం రెక్కలు గల ఒక దయ్యం తిరుగుతుందని అక్కడి వాళ్ళు పాత కథ చెప్పుకుంటారు. మా మనవడికి ఏడేళ్ళు. కిటికీలోంచి ఆ దయ్యం కోసం చూస్తూనే ఉన్నాడు.

వినోదశాల చేరేసరికి ఎండ మండిపోతోంది. మా అల్లుడు కారును ఒక పెద్ద పందిరి కింద నిలిపాడు. ఉక్కు స్తంభాలు, వాటి మీద వాలుగా నల్లని పలకలు. అటువంటి పందిళ్ళు వరసలు వరసలుగా కనుచూపు మేర ఉన్నవి. నీడ కోసం ఇంత ఖర్చు పెట్టారేమిటా అనుకున్నాను.

"తాతయ్యా, అవి సోలార్ పలకలు. ఈ రైడ్లన్నిటికీ కరెంటు వాటి నుంచే," అన్నది మా మనవరాలు. దానికి పదకొండేళ్ళు. ఆ సంవత్సరమే వీటిని గురించి బళ్ళో ప్రాజెక్టు చేసిందట.

పంతులుకు పాఠం చెప్పేవాళ్ళు దొరికితే ఊరుకుంటాడా? "అయితే ఎండలోంచి కరెంటు ఎలా వస్తుందో చెప్పు," అన్నాను. దాని తెలుగు అక్కడక్కడ తడబడింది కాని, జవాబు తడబడలేదు. అది చెప్పినదాన్నే మీకు నా మాటల్లో చెబుతాను.

పలకలో ఉండేది సిలికాన్. ఇసుకలో ఉండే పదార్థమే అది. శుద్ధి చేసి పల్చని బిళ్ళలుగా కోస్తారు. బిళ్ళలో ఒక పొరకు కొంచెం ఫాస్ఫరస్, ఇంకొక పొరకు కొంచెం బోరాన్ కలుపుతారు. ఆ రెండు పొరలు కలిసే చోట, తిరునాళ్ళలో ఒక వైపుకే తెరుచుకునే గేటు వంటిది ఏర్పడుతుంది. సూర్యరశ్మి వచ్చి తగిలినప్పుడు సిలికాన్‌లోని ఎలక్ట్రానులు ఊడి బయటపడతవి. బయటపడినవి తోచిన దిక్కుకు పోవడానికి వీల్లేదు. గేటు వాటిని ఒకే వైపుకు తోస్తుంది. అలా ఒకే వైపుకు సాగిన ఎలక్ట్రానుల ప్రవాహమే కరెంటు.

ఇక 1954 సంగతి. ఆ సంవత్సరం ఏప్రిల్ 25న, ఇదే న్యూజెర్సీలోని మర్రే హిల్‌లో ఉన్న బెల్ ప్రయోగశాల వారు తమ సిలికాన్ బిళ్ళలను పత్రికల వారికి చూపించారు. వాటిని తయారుచేసిన వారు చేపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు. ఎండ నుంచి కరెంటు వస్తున్నదని నమ్మకం కలగాలి కదా? అందుకని ఆ కరెంటుతో ఒక బొమ్మను తిప్పి చూపించారు. ఏం బొమ్మ అనుకున్నారు? రంగులరాట్నం! దాని కొలత 21 అంగుళాలు. అప్పటి బిళ్ళలు తమ మీద పడిన వెలుగులో నూటికి ఆరు పాళ్ళే కరెంటుగా మార్చగలిగేవి. ఇప్పటివి ఇరవై పాళ్ళు దాటినవి.

ఇంతలో మా మనవడు, "తాతయ్యా, మీ ఊరి రాట్నానికి ఏ కరెంటు?" అని అడిగాడు. దాన్ని తొక్కిన మనిషి పొద్దున సద్దన్నం తిని వచ్చేవాడని, ఆ అన్నం వరి మొక్క ఎండను పట్టి తయారుచేసినదేనని చెప్పాను. "అయితే అది కూడా సోలారే!" అన్నాడు వాడు. కాదనడానికి నాకేమీ దొరకలేదు.

గేటు వైపు నడుస్తూ ఉండగా మనవరాలు అసలు కథ చెప్పింది. ఈ వినోదశాల తన కరెంటును తానే తయారుచేసుకోవాలని 2015లో ఆలోచన మొదలుపెట్టింది. చుట్టూ ఉన్న అడవి తన సొంతమే. అందులో సుమారు 90 ఎకరాలు నరికి పలకలు పరచాలని పథకం వేశారు. దాదాపు 18 వేల చెట్లు పోతవి; బదులుగా వేరే చోట మొక్కలు నాటుతామన్నారు. ఊరివారి సభ సరేనంది. అయితే అడవులను, నీటిని కాపాడే సంఘాలు కొన్ని కలిసి కోర్టుకు వెళ్ళినవి. సియర్రా క్లబ్ శాఖ ఉంది వాటిలో, దగ్గరి బార్నెగట్ ఖాతాన్ని కాపాడే సంఘమూ ఉంది. విచిత్రం చూడండి: సోలార్ కరెంటు కావాలని ఊరూరా చెప్పేవాళ్ళే వీళ్ళు!

"నీ ప్రాజెక్టులో నువ్వు ఎవరి పక్షం?" అని అడిగాను.

"ముందు నువ్వు చెప్పు తాతయ్యా."

నాకు లెక్కల మేష్టరు బుద్ధి పోలేదు. "కంపెనీ వారి లెక్కలో తప్పేమీ లేదమ్మా. ఒక ఎకరం చెట్లు ఏడాదిలో పీల్చుకునే బొగ్గుపులుసు వాయువు కంటె, ఒక ఎకరం పలకలు బొగ్గునూ గ్యాసునూ మండించకుండా ఆపే వాయువు చాలా రెట్లు ఎక్కువ," అన్నాను.

అది ఆగి వెనక్కి తిరిగి, మేము వచ్చిన దారి చూపించింది. "కరెక్టే. కాని తాతయ్యా, ఈ పార్కింగ్ చోటు అప్పటికే ఉంది కదా? ఇక్కడ చెట్లు లేవు కదా?"

నేను సమాధానం చెప్పలేదు. ఎందుకంటే ఈ ప్రశ్న నేను ఇదివరకే ఒకసారి విన్నాను.

2007లో నేను పల్నాటి వైపు ఒక పల్లెటూరి బళ్ళో ప్రధానోపాధ్యాయుణ్ణి. రెండు కొత్త గదులకు డబ్బు మంజూరయింది. ఆవరణలో రెండు వేపచెట్లు, ఒక కానుగచెట్టు ఉండేవి. మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తినేది వాటి కిందే. వెనక మూలన ఒక పాత పెంకుటి షెడ్డు ఉంది. విరిగిన బెంచీలు తప్ప అందులో ఏమీ లేవు. కాని పాత కట్టడం పడగొట్టాలంటే కాగితాలు పైదాకా తిరగాలి, నెలలు పడుతుంది. చెట్ల సంగతి త్వరగా తేలుతుంది. నేను చెట్ల కాగితం మీదే సంతకం పెట్టాను. రంపాలు వచ్చిన రోజున ఏడో తరగతి కుర్రాడు ఒకడు నా గది గుమ్మంలో నిలబడి, "మేష్టారూ, ఆ షెడ్డు పడగొట్టి కట్టకూడదాండీ?" అన్నాడు. "పెద్దవాళ్ళ సంగతులు నీకెందుకురా, క్లాసుకు పో," అని కసిరాను. వాడు పోయాడు. గదులు లేచినవి. గదులు అవసరమే, అందులో సందేహం లేదు. పిల్లలు మాత్రం అప్పటి నుంచి వరండాలో ఎండకు ముడుచుకుని కూర్చుని అన్నాలు తిన్నారు. నేను 2018లో ఉద్యోగం విరమించిన నాటికి కూడా ఆ షెడ్డు అలాగే ఉంది.

జాక్సన్‌లో ఏమైందంటే, 2018లోనే రెండు పక్షాలు రాజీకి వచ్చినవి. నేల మీద పరిచే పలకలను సుమారు 40 ఎకరాలకు తగ్గించి, తక్కినవి మూడు కార్ల దొడ్ల మీద పందిళ్ళుగా వేయడానికి కంపెనీ ఒప్పుకున్నది. ఎత్తయిన ఉక్కు స్తంభాలు కావాలి కనుక పందిరికి ఖర్చు ఎక్కువ. ఆ 40 ఎకరాల అడవి మాత్రం దక్కలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు మనవరాలి గొంతు కొంచెం తగ్గింది. అన్నీ కలిపి 23.5 మెగావాట్లు. మీ ఇంట్లో వెలిగే 9 వాట్ల బల్బులతో పోల్చుకుంటే, మంచి ఎండలో అవి 26 లక్షల బల్బుల పాటి శక్తి. రాత్రి సంగతేమిటంటారా? సామాన్యంగా ఇటువంటి చోట్ల ఎండ లేనప్పుడు అందరికీ వచ్చే తీగల నుంచే కరెంటు తీసుకుంటారు.

లోపలికి వెళ్ళాము. దారిలో చెప్పిన దయ్యం పేరు పెట్టిన కొత్త రోలర్ కోస్టర్ ఒకటి అక్కడ ఉంది, జెర్సీ డెవిల్. 2020లో తెరవాలనుకుని, కరోనా వల్ల ఆగి, 2021 జూన్‌లో తెరిచారు. 3,000 అడుగుల పొడుగు, 130 అడుగుల ఎత్తు. మామూలుగా రెండు పట్టాలుంటవి; దీనికి ఒకటే పట్టా, దాని మీద ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి. నేనూ ఎక్కుతానంటే, "ఈ వయసులో మీకిదేం సరదా అండీ!" అని మా ఇంటావిడ టిక్కెట్టు లాగేసుకున్నది. మనవరాలు ఎక్కింది. ఎత్తు చాలని మనవడూ, భయం చాలని నేనూ కింద బెంచీ మీద కూర్చున్నాము. (మా ఇంటావిడ వల్లనే ఎక్కలేదని ఇంట్లో అందరికీ చెప్పాను.)

"ఇంజను ఎక్కడ తాతయ్యా?" అన్నాడు వాడు. బండికి ఇంజను లేదు. మొదట ఒక గొలుసు దాన్ని శిఖరం దాకా ఈడ్చుకు పోతుంది. కరెంటు ఖర్చయ్యేది ముఖ్యంగా అక్కడే. శిఖరం దాటాక భూమే లాగుతుంది. ఎత్తు మీద దాచుకున్న శక్తి, దిగుతూ ఉంటే వేగంగా మారుతుంది. కాగితం ముక్క మీద లెక్క వేశాను. 130 అడుగుల నుంచి ఏ అడ్డూ లేకుండా జారితే గంటకు 62 మైళ్ళ వేగం రావాలి. ఈ బండి వేగం 58 అని చెబుతారు. పట్టా నేలకు పూర్తిగా తగలదు, పైగా గాలీ రాపిడీ కొంత తింటవి. మిగిలిన నాలుగూ అక్కడ పోయినవన్నమాట.

ఇంకో లెక్క కూడా వేశాను. 35 కిలోల మా మనవరాలిని ఆ శిఖరం దాకా ఎత్తడానికి ఎంత శక్తి కావాలి? 400 వాట్ల పలక ఒకటి మంచి ఎండలో సుమారు అర నిమిషం పని చేస్తే చాలు. బండి బరువు వేరే అనుకోండి. కళ్ళు తిరుగుతూ దిగి వచ్చిన మనవరాలికి ఈ సంగతి చెబితే, "అర నిమిషమేనా!" అని నీరసపడింది. తన సాహసం అంత చవకని అది అనుకోలేదు.

అవతల కింగ్డా కా అనే మహా శిఖరం ఆకాశంలోకి లేచి ఉంది. 456 అడుగులు! దానికి గొలుసు లేదు. మూడున్నర సెకన్లలో బండిని 128 మైళ్ళ వేగానికి తోసి వదిలేవారు. అంత ఎత్తు ఎక్కడానికి 117 మైళ్ళు చాలునని నా లెక్క. తక్కినది గాలికీ రాపిడికీ ఇచ్చే లంచం. ఆ లంచం చాలనప్పుడు బండి శిఖరం అందుకోలేక వెనక్కి జారి వచ్చేది. దాన్ని పట్టి ఆపడానికి పట్టా మీద బ్రేకులు లేచి ఉండేవి.

2005లో తెరిచిన ఆ శిఖరం ఇప్పుడు లేదు. 2024 నవంబరులో మూసివేసి, 2025 ఫిబ్రవరి 28న మందుపాతరలతో కూల్చారు. మనవరాలు నాకు వీడియో పంపింది. ఉక్కు శిఖరం నడుము విరిగినట్టు వంగి, దుమ్ములో కలిసిపోయింది. ఆ రాత్రే ఫోను చేసింది.

"చూశావా తాతయ్యా? ఆ చోటు ఖాళీ అయింది. ఇంక కొత్తది కట్టాలంటే అక్కడే కట్టుకోవచ్చు." కొంచెం ఆగి, "మీ బళ్ళో అడిగాడన్నావే, ఆ అబ్బాయి పేరేమిటి?" అన్నది.

నాకు పేరు గుర్తుకు రాలేదు. ముఖం గుర్తుంది, గుమ్మం పట్టుకున్న చెయ్యి గుర్తుంది. మరునాడు బస్సెక్కి ఆ బడికి వెళ్ళాను. ఇప్పటి ప్రధానోపాధ్యాయురాలు నా శిష్యురాలే. పాత హాజరు పట్టీలు ఎక్కడున్నవమ్మా అంటే, ఆవిడ నన్ను తిన్నగా ఆ పెంకుటి షెడ్డుకే తీసుకుపోయింది. దుమ్ము దులిపి వెతగ్గా వెతగ్గా 2007 నాటి ఏడో తరగతి పట్టీ దొరికింది. అంచులు చెదలు తిన్నవి గాని, నలభై ఒక్క పేర్లూ చదవడానికి వస్తున్నవి. ఆ తరగతిలో చదివిన ఇద్దరు ఆదివారం మా ఇంటికి వస్తామన్నారు. పట్టీ నా బల్ల మీదే ఉంది.