నీళ్ళడుగుకి వెళ్ళాలంటే నడుముకి ఎన్ని కిలోలు?

అండమాన్ అంటే ఒకప్పుడు మనకి కాలాపానీ, సెల్యులార్ జైలు. ఇప్పుడు సెలవులకి పిల్లల్ని తీసుకుని వెళ్ళే చోటయింది. వెళ్ళినవాళ్ళు జైలు చూస్తారు, రాధానగర్ బీచిలో స్నానాలు చేస్తారు. వీలైతే పగడాలూ, రంగురంగుల చేపలూ చూద్దామని స్కూబా డైవింగ్‌కీ దిగుతున్నారు. మా అమ్మాయి పోరు పడలేక నేనూ నేర్చుకున్నాను. నలభై దాటాక ఇవన్నీ మనకెందుకని అనుకోకండి. ఆరోగ్యం బావుండి, కాస్త ఈత వస్తే చాలు.

ఈమధ్య తల్లీకూతుళ్ళం ఇద్దరం మళ్ళీ హేవ్‌లాక్ దీవికి వెళ్ళొచ్చాం. 2018లో ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అనీ, 2024లో పోర్ట్ బ్లెయిర్‌కి శ్రీ విజయపురం అనీ పేర్లు మార్చారు. మాకు పాత పేర్లే నోట్లో నానుతున్నాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కి పడవలో సుమారు రెండు గంటల ప్రయాణం.

బయల్దేరేముందు మా వీధిలోవాళ్ళు అడిగిన ప్రశ్న ఒకటే. "నీళ్ళల్లో మునగడానికి నడుముకి సీసం కట్టుకుంటారటగా, ఆ సీసం కూడా ఇక్కణ్ణుంచే మోసుకెళ్ళాలా?"

అక్కర్లేదండీ! మన దేశంలో విమానాల్లో మామూలు టిక్కెట్టుకి పెట్టెల్లో అనుమతించేది ఎక్కువగా 15 కిలోలే. అందులో నాలుగైదు కిలోలు సీసానికే పోతే బట్టలెక్కడ పెడతాం? పైగా సీసం దిమ్మలు చేతిసంచిలో పెడితే తనిఖీ దగ్గర సంచి విప్పించడం ఖాయం. డైవింగ్ నేర్పే చోట సిలిండర్లతోపాటు బరువులూ, బెల్టులూ వాళ్ళే ఇస్తారు. మనం ఇంటినుంచి తీసుకెళ్ళాల్సింది సీసం కాదు, మనకెంత కావాలో ఆ లెక్క.

అసలు బరువెందుకు?

ఓ గ్లాసుడు మంచినీళ్ళల్లో తాజా కోడిగుడ్డు వేయండి, మునుగుతుంది. ఆ నీళ్ళల్లోనే ఉప్పు వేసి కలుపుతూ ఉండండి, గుడ్డు పైకి తేలుతుంది. సముద్రంలో మన సంగతీ అంతే. ఉప్పునీరు మంచినీటికంటే సుమారు రెండున్నర శాతం బరువు, అందుకే మనల్ని పైకి నెడుతుంది. ఈతకొలనులో సరిపోయిన బరువు సముద్రంలో చాలదు. ఒంటికి వేసుకునే రబ్బరు సూటు కూడా తేలేదే. అందులో సన్నటి గాలిబుడగలుంటాయి. సూటు మందమయ్యేకొద్దీ ఎక్కువ సీసం కట్టాలి.

అండమాన్ నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, 27 నుంచి 30 డిగ్రీలు. అందుకని 3 మిల్లీమీటర్ల పల్చటి సూటు సరిపోతుంది. చలిదేశాల్లో మందపాటి సూటుతో నేర్చుకున్నవాళ్ళు అక్కడి లెక్కే ఇక్కడా చెబితే రాయిలా దిగిపోతారు. పల్చటి సూటుకి మొదటి అంచనాగా ఒంటి బరువులో 5 శాతం వేసుకోవచ్చు. అల్యూమినియం సిలిండరైతే ఇంకో కిలో, రెండు కిలోలు కలుపుతారు. 60 కిలోల మనిషికి 4, 5 కిలోలన్నమాట. ఇది అంచనా మాత్రమే. కొవ్వు తేలుతుంది, కండ మునుగుతుంది. కాబట్టి ఒకే తూకం ఉన్న ఇద్దరికీ ఒకే సీసం సరిపోదు.

మొహమాటం వద్దు

మేం వెళ్ళినరోజు పడవలో ఎనిమిదిమందిమి. ఆడామగా తేడా లేకుండా అందరికీ 6 కిలోల బెల్టులు వరసగా పెట్టేశారు. నేను నా పుస్తకం తీసి చూపించాను. కిందటిసారి ఇదే రకం సూటుకి, ఇదే రకం సిలిండర్‌కి 4 కిలోలు చాలాయని అందులో రాసుకున్నాను. "నీళ్ళల్లో ఓసారి సరిచూసుకుని దిగుతాను" అన్నాను. పడవ ఆలస్యమవుతుందని ఒకరిద్దరు విసుక్కున్నారు. విసుక్కోనీండి, దిగేది మనం.

పడవలో సామాను అందించే పెద్దాయన మన శ్రీకాకుళం వైపు మనిషి. వాళ్ళ నాన్నగారి కాలంలో చేపలవేటకొచ్చి అక్కడే స్థిరపడ్డారట. ఆయన నవ్వి, "మంచిపని చేశావమ్మా. వలకి సీసం గుళ్ళు ఎక్కువైతే రాళ్ళల్లో పట్టేస్తుంది, తక్కువైతే చేప కిందనుంచి పోతుంది. మనిషికీ అంతే" అన్నారు. మా ఇన్‌స్ట్రక్టర్ చెప్పిన పాఠమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది.

మాతో వచ్చిన ఒకావిడ తన బరువు పదిమందిలో చెప్పడానికి సిగ్గుపడి, ఇచ్చిన బెల్టే కట్టుకున్నారు. పాపం, దిగినప్పటినుంచీ కిందకి జారిపోవడం, జాకెట్లో గాలి నింపుకోవడం, ఎక్కువై పైకి లేస్తుంటే మళ్ళీ తీసెయ్యడం, ఇదే సరిపోయింది. ఆ కంగారులో ఊపిరి ఎగబీల్చి సిలిండర్లో గాలి త్వరగా ఖర్చయిపోయింది. ఆవిడ కాలు తగిలి కొమ్మల పగడం ఒకటి విరిగింది కూడా. అది మళ్ళీ పెరగాలంటే ఏళ్ళు పడుతుంది. అందరికంటే ముందే ఆవిణ్ణి పైకి తీసుకొచ్చేశారు.

తక్కువ కట్టుకున్నా ప్రమాదమే. పైకొచ్చేముందు 5 మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగాలి. ఒంట్లో చేరిన నైట్రోజన్ మెల్లిగా బయటికి పోవడానికి ఆ ఆగడం. సిలిండర్లో గాలి అయిపోయేకొద్దీ అది తేలికవుతుంది. నిండు సిలిండర్‌కీ, ఆఖర్లో దానికీ రెండు కిలోల దాకా తేడా వస్తుంది. మొదట్లో సరిగ్గా సరిపోయిన బరువు ఆఖర్లో చాలక, ఆగాల్సినచోట ఆగలేక బుడగలా పైకి తేలిపోతాం.

సరిచూసుకోవడం ఇలా

లోతైన నీళ్ళల్లో, ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా, రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని జాకెట్లో గాలంతా తీసెయ్యండి. కాళ్ళూ చేతులూ ఆడించకుండా నిటారుగా ఉండి, నిండుగా ఊపిరి పీల్చండి. నీళ్ళు కళ్ళ మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లిగా మునగాలి. బుడుంగున మునిగితే ఒక దిమ్మ తీయించండి, మునక్కపోతే ఒకటి కలపమనండి. ఈ పరీక్ష డైవ్ ఆఖర్లో, మీటరు 50 బార్ చూపిస్తున్నప్పుడు చేస్తే లెక్క ఖచ్చితంగా తేలుతుంది. నిండు సిలిండర్‌తో చేస్తే, ఖర్చయ్యే గాలికి తగ్గట్టు కాస్త బరువు కలుపుకోవాలి. నాకు ఆ రోజు కూడా 4 కిలోలే సరిపోయాయి. తాబేలొకటి పక్కనుంచి ఈదుకుంటూ పోతుంటే, చెయ్యి కదపకుండా నిలబడి చూశాను.

నేర్చుకోకుండా మొదటిసారి సరదాకి దిగేవాళ్ళకి బరువు సంగతి ఇన్‌స్ట్రక్టరే చూసుకుంటారు. అయినా మీ తూకం, ఆస్తమా, గుండెజబ్బులాంటివి ఉంటే ఆ సంగతీ దాచకుండా చెప్పండి.

మరికొన్ని జాగ్రత్తలు

* సీసం రెండువైపులా సమంగా ఉండాలి. లేకపోతే ఒంటి ఒకపక్కకి ఒరిగిపోతుంది.

* బెల్టు బకిల్ ఒక్క చేత్తో ఊడేలా ఉండాలి. దానిమీద ఇంకే పట్టీ రాకూడదు. నీటిపైన ఆపద వస్తే ముందు వదిలెయ్యాల్సింది దాన్నే.

* అమెరికాలాంటిచోట బరువులు పౌండ్లలో ఉంటాయి. కిలోకి సుమారు 2.2 పౌండ్లు.

* సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కునే తినండి. పిల్లల చేతికివ్వకండి, కాలిమీద పడితే వేలు నలుగుతుంది.

* ఆఖరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలుండాలి. 24 ఉంటే మరీ మంచిది.

* చిన్న నోటుపుస్తకంలో సూటు మందం, సిలిండర్ రకం, ఉప్పునీరా మంచినీరా, కట్టుకున్న కిలోలు, ఆఖర్లో తేలారా మునిగారా రాసుకోండి. పాలలెక్క రాసే మనకి ఇదో లెక్కా!