గంటల లెక్కన ఉస్తాద్

ఇంటర్వ్యూలో నన్ను అడిగిన సవాల్ ఒక్కటే: "సోమవారం నుంచి రాగలరా?" పీహెచ్‌డీ పిల్లలకు రీసెర్చ్ మెథడాలజీ తప్పనిసరి. చెప్పడానికి పర్మనెంట్ ఉస్తాద్ లేక పార్ట్‌టైమ్‌కి నన్ను తీసుకున్నారు.

అమ్మీ ఖుషీతో గల్లీ అంతా మిఠాయి పంచింది. తన్ఖా నెలకు కాదు, పాఠానికింత అని చెప్పలేకపోయాను. 2019లో యూజీసీ గెస్ట్ ఫ్యాకల్టీకి పాఠానికి 1500 రూపాయలు, నెలకు 50,000 దాటకుండా అని రాసింది. ఆ యాభై వేలే నా తన్ఖా అనుకుంది అమ్మీ. సినాప్సిస్‌లు దిద్దే రాత్రులకు హిసాబ్ లేదు. సెలవులొస్తే పైసా లేదు.

సవాల్ సరిగ్గా అడగకపోతే జవాబు సరిగ్గా రాదని క్లాసులో రోజూ చెబుతాను. ఆ సబక్ ఇప్పుడు నాకే కావాలి. వచ్చే సెమిస్టర్‌కి ఒప్పుకునే ముందు అడుగుతాను: ఎన్ని పాఠాలు, పైసలు ఎప్పుడు, కాగితం మీద రాసిస్తారా?

అంతకంటే ముందు అమ్మీకి నిజం చెప్పాలి.