కాయితంల చుట్టిన రొట్టె

రోల్ అనే తిండి మాకు కొత్తది గాదు. పేరు కొత్తది, ధర కొత్తది. మా అవ్వ నాట్లకు పోయేటప్పుడు జొన్నరొట్టెకు ఎల్లిపాయ కారం రాసి, ఉంటే రెండు పెద్దకూర తునకలు పెట్టి, గట్టిగ చుట్టి పాత చీరె పేలికల మూట కట్టుకునేది. సాగర్ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ దిక్కు నాట్లు పడితే కూలోళ్లంతా ట్రాక్టరెక్కి పోయేది. వంచిన నడుం ఎత్తనియ్యని పని. కంచం, చెంబు మోసే బాధ లేకుండా గట్టు మీద నిలబడి ఒక్క చేత్తోని తినే తిండి అది.

కలకత్తాల రోల్ పుట్టిన ముచ్చట గూడ ఇంచుమించు ఇట్లనే ఉంటది. 1932ల మొదలైన నిజాం హోటల్ పేరు చెప్పుకుంటరు. చువ్వకు గుచ్చి కాల్చిన కబాబును పరాటాల పెట్టి, కాయితం చుట్టి చేతికిచ్చేటోళ్లట. తర్వాత చువ్వలు పోయి వెదురుపుల్లలు వచ్చినయి. ఆ పుల్లను బెంగాలీల కాఠీ అంటరు, మన బోర్డుల మీద కత్తి అయి కూసుంది. తీరిక లేనోళ్ల తిండికి అక్కడ పెద్ద పేరొచ్చింది. మా అవ్వ రొట్టెచుట్టకు ఎవరూ బోర్డు కట్టలే.

హైదరాబాద్–విజయవాడ రోడ్డు ఒకప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65. సూర్యాపేట, కోదాడ రెండూ దాని మీదనే ఉన్నయి. బస్సు దిగినోళ్లకు ఇడ్లీ, మిర్చి బజ్జీ పెట్టిన జాగల్ల ఇప్పుడు రోల్స్, షవర్మా బండ్లు, నాలుగు కుర్చీలేసిన చిన్న హోటళ్లు. పెనం మీద మైదా పరాటా కాల్చి, గుడ్డు కొట్టి దాని మీద బోర్లిస్తడు. చికెన్ తునకలు, ఉల్లిగడ్డ, నిమ్మరసం, సాసు వేసి చుట్టి, కింద సగం కాయితం మడిచి ఇస్తడు. తెల్లటి మయోనైజ్ గూడ పిండేవాళ్లు. హైదరాబాదుల మోమోలు తిని ఒకామె చచ్చిపోయి, ఇంకెందరో దవాఖానల పాలైనంక, 2024 అక్టోబరు 30న పచ్చిగుడ్డు మయోనైజును సర్కారు ఏడాదిపాటు నిషేధించింది. మా వాడ కూర వాసనకు ముక్కు మూసుకున్నోళ్లే ఆ మయోనైజును వేళ్లు నాకి తిన్నరు. అది వేరే సంగతి.

నేను చెప్పదల్చుకున్నది కాయితం గురించి.

మా ఊరి చాయ్ హోటల్ల మా నాయిన గిలాస చూరుల చెక్కి ఉండేది. తీసుకోవాలె, కడగాలె, ఎత్తి పోస్తే తాగాలె, మళ్ల కడిగి చూరుల పెట్టాలె. దుకాణాల్ల, హోటళ్లల్ల ఎవరినీ ఆపొద్దని రాజ్యాంగం 15వ అధికరణం 1950 నుంచే చెప్తున్నది. అంటరానితనం నేరమని 1955ల చట్టం వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంల జస్టిస్ పున్నయ్య కమిషన్ 2001ల రిపోర్టు ఇచ్చేనాటికి గూడ రెండు గిలాసలు బతికే ఉన్నయి. ఆ తర్వాతనే నెలనెలా 30న పౌరహక్కుల దినం జరపాలన్నరు. అధికారులొచ్చి కలిసి చాయ్ తాగి పోయేది. మా హోటలాయన తెలివైనోడు. కేసు భయానికి చూరుల గిలాసలు తీసేసిండు. ఊరోళ్లకు గాజు గిలాస, మాకు తాగి పారేసే గిలాస. కడిగేదే లేదు గదా, ఇగ ఎవరి మీద కేసు పెడ్తవ్?

అట్లాంటి కాయితమే సూర్యాపేట రోల్ హోటల్ల అందరికి. రెడ్డికి, కోమటికి, నాకు ఒక్క తీరు కాయితం. ఊర్ల మమ్మల్ని వేరు చేసిందే ఇక్కడ ఒక్క వరుసల నిలబెట్టింది. సంతోషమే. కానీ నాకొక అనుమానం పోతలేదు. ఇక్కడ నా ఎంగిలి ఎవరూ ముట్టే పనిలేదు. మనసు మారి మమ్మల్ని కూసుండబెట్టిన్రా, కడిగే కంచం లేక కూసుండబెట్టిన్రా?

కండ్ల ఆపరేషన్‌కు సూర్యాపేట తెచ్చినప్పుడు అవ్వను అక్కడికి తీసుకపోయిన. కుర్చీ చూసి నిలబడ్డది. "కూసుంటే ఎక్కువ పైసలా కొడుకా?" అన్నది. తిన్నంక కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిల పట్టుకొని, కడిగే తొట్టి కోసం దిక్కులు చూసింది. "పారెయ్యే అవ్వా" అంటే, పెనం కాడి పిలగాడు చూస్తున్నడా అని చూసి, అప్పుడు డబ్బాల వేసింది. అరవై దాటిన చెయ్యి. అలవాటు పోతదా? "ఉల్లిగడ్డ బాగేసిండు, తునకలే లెవ్వు" అని బస్టాండ్ దాకా తిట్టుకుంటనే వచ్చింది.

మా ఇంట్ల డిగ్రీ ముఖం చూసిన మొదటోన్ని నేను. సర్కారు బడి పంతులునైన. నేను పనిచేసిన ఒక బడిల మధ్యాహ్నం టిఫిన్లు విప్పితే కూరలు బల్ల చుట్టూ తిరుగుతయి. నా డబ్బా కాడికొచ్చేసరికి ఒకాయనకు షుగరు, ఒకామెకు శనివారం. ఒకనాడు నాకు ఇంక్రిమెంటొచ్చిందని పార్టీ అడిగిన్రు. పట్నం నుంచి పన్నెండు చికెన్ రోల్స్ తెచ్చిన. ఈ చేతులతోనే సంచి మోసిన, ఈ చేతులతోనే పంచిన. షుగరాయన రెండు తిన్నడు. వండింది మా పొయ్యి మీద గాదు గదా!

పట్నం తిండి ఎంతదాక కలుపుతదో మిర్యాలగూడ చెప్పింది. ఒక్క బడిల చదువుకొని పెండ్లి చేసుకున్న జంట. 2018 సెప్టెంబరు 14న, కడుపుతోనున్న భార్య కండ్ల ముందట, దవాఖాన కాడ ఆ దళిత పిలగాన్ని నరికి చంపిన్రు. పైసలిచ్చి చంపించింది పిల్ల తండ్రి అని కేసు. తీర్పు రాకముందే ఆయన చచ్చిపోయిండు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకనికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ వార్త చదివిన పొద్దు బడిల ఎవరి డబ్బా వాళ్లు విప్పుకున్నరు. ఒక్క మాట లేదు.

మొన్న ఎండాకాలం నా భార్య, నేను కోదాడల ఆగి రోల్స్ తింటున్నం. పక్క కుర్చీల పెద్దమనిషి మంచిగనే మాట కలిపిండు. ఏ ఊరు సార్, ఏం పని? చెప్పిన. టీచరనంగనే మర్యాద పెరిగింది. "ఊర్ల ఏ బజారు?" అన్నడు. నా భార్య నా దిక్కు చూసింది. ఇంటిపేరు అడగకముందే చెప్పిన, "మాదిగోళ్లం సార్" అని. "అట్లనా" అన్నడు. ఫోన్ తీసి చూసుకోవట్టిండు. మా రోల్స్ ఇంకా సగం గూడ కాలే. ఇంకో ప్లేటు ఉల్లిగడ్డ అడిగి, నిమ్మకాయ పిండుకొని, నిమ్మలంగ కూసోని తిన్నం.